కొండ మీద కొలతలు, కొండ కింద ఫలితాలు

కాంగ్రా లోయలో 1956లో ఒక ఉప్పు పరీక్ష మొదలైంది. ధౌలాధార్ పర్వతాల కింద, అప్పటి పంజాబ్ రాష్ట్రంలో ఉన్న ఆ ఊళ్లలో వందకు 38 మంది దాకా గొంతు వాపుతో ఉండేవారు. గాయిటర్ అంటారు దాన్ని, మన పాత వైద్యంలో గళగండం. సుమారు లక్ష మంది ఉండే ఆ ప్రాంతాన్ని మూడు మండలాలుగా విడదీశారు. ఒక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరో మండలానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మూడో దానికి ఏమీ కలపని ఉప్పు పంపారు. ఆరేళ్లయ్యాక, 1962లో, బడిపిల్లల గొంతులు తడిమి చూశారు. అయోడిన్ అందిన రెండు చోట్లా జబ్బు దాదాపు సగానికి దిగింది. మూడో మండలంలో ఎక్కడిదక్కడే ఉంది. అప్పటి నుంచి అక్కడికీ అయోడిన్ ఉప్పే పంపారు. అక్కడా తగ్గింది.

ఈ పనికి సారథి వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్నవాడు. తరవాత ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయ్యాడు. కొండ ప్రాంతాల ప్రజారోగ్య పరిశోధన గురించి ప్రపంచంలో ఎక్కడ మాట్లాడినా కాంగ్రా ప్రస్తావన రాకుండా పోదు. ఆ పరిశోధన చేసింది తెలుగువాడన్న సంగతి మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు.

కాంగ్రాను ముందుగా చెప్పడానికి కారణం ఉంది. కొండల్లో జరిగిన ఆరోగ్య పరిశోధనలన్నిటినీ వరుసగా పెట్టి చూస్తే అవి రెండు రకాలుగా విడిపోతాయి. కొన్ని కొండకెక్కి, కొలిచి, దిగిపోయాయి. మరికొన్ని కొలుస్తూనే ఏదో ఒకటి చేశాయి: ఉప్పు ఇచ్చాయి, మందు ఇచ్చాయి, మనుషులను కూర్చోబెట్టి మాట్లాడించాయి. చేసిన పని ఫలించిందా లేదా అని మళ్లీ కొలిచాయి. గడిచిన నూరు నూటపాతికేళ్లలో కొండ జనానికి నిజంగా ఒరిగిన మేలంతా ఈ రెండో రకం నుంచే వచ్చిందని నా అభిప్రాయం. మన ఏజెన్సీలో ఇప్పటికీ ఎక్కువగా జరుగుతున్నది మొదటి రకం.

కొండల్లో పరిశోధన ఎందుకు వేరో ముందు చూడాలి. కొండ నేల, నీరు, గాలి, దూరం అన్నీ జబ్బు స్వభావాన్ని మారుస్తాయి. హిమానీనదాలూ కుండపోత వానలూ వేల ఏళ్లుగా పైమట్టిని కడిగేయడంతో అందులోని అయోడిన్ కూడా కొట్టుకుపోయింది. ఆ మట్టిలో పండిన తిండిలో అది ఉండదు. గాయిటర్ పుట్టుక అక్కడే. తూర్పు కనుమల్లో మెల్లగా పారే సెలయేళ్ల అంచుల్లో ఫ్లూవియాటిలిస్ అనే ఎనాఫిలిస్ దోమ పెరుగుతుంది. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జైపూరు కొండల్లో మలేరియా అంత మొండిగా ఉండటానికి అది పెద్ద కారణం. మన పెద్దలు మన్యం జ్వరం అని భయపడింది దాన్నే. చలికి తలుపులు మూసి, ఇంటి మధ్యలో కట్టెలు మండించుకునే ఊళ్లలో పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది.

ఇక కొలతల సంగతి. సముద్రమట్టంలో తయారుచేసిన గీతలు కొండ మీద సరిపోవు. ఎత్తు పెరిగే కొద్దీ గాలిలో ఆక్సిజన్ పలచబడుతుంది, దాన్ని పట్టుకోవడానికి శరీరం హిమోగ్లోబిన్ పెంచుకుంటుంది. అందువల్ల రక్తహీనతను లెక్కగట్టే హద్దు కూడా ఎత్తును బట్టి మారాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత లెక్కలో ఈ సవరణ వెయ్యి మీటర్ల నుంచి మొదలయ్యేది. 2024లో దాన్ని 500 మీటర్లకు దించింది. 500 నుంచి 999 మీటర్ల మధ్య నివసించే వారికి హద్దును డెసిలీటరుకు 0.4 గ్రాములు పెంచాలని చెప్పింది. పాడేరు, అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అంటే 12.2 గ్రాముల హిమోగ్లోబిన్ ఉందని నిన్నటిదాకా ఆరోగ్యవంతురాలిగా లెక్కలోకెక్కిన పాడేరు మహిళ కొత్త లెక్క ప్రకారం రక్తహీనత ఉన్న మనిషే. రక్తహీనత అక్కడ ఎంత ఉందో మన పాత సర్వేలన్నీ తక్కువగానే చెప్పాయన్న మాట.

మరో చిక్కు దారిది. సర్వే బృందాలు జీపు వెళ్లే ఊళ్లకు వెళ్తాయి, వాన లేని నెలల్లో వెళ్తాయి. పేదరికాన్ని చూడబోయిన వాళ్లు రోడ్డు పక్క ఊళ్లనే చూసి వస్తారని రాబర్ట్ చాంబర్స్ 1983లోనే హెచ్చరించాడు. మలేరియా విజృంభించేది వానల్లో. పిల్లలు, బాలింతలు చనిపోయేది వాగులు పొంగి దారులు మూసుకుపోయినప్పుడు. సర్వే జరిగేది మాఘ ఫాల్గుణాల్లో, తారు రోడ్డు చివర ఉన్న ఊళ్లో. అలా వచ్చిన సగటు ఏ కొండకూ చెందదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే తీసుకోండి. అప్పటికి అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడలేదు, అది 2022 ఏప్రిల్‌లో వచ్చింది. పాడేరు మన్యం లెక్కలు విశాఖపట్నం నగరం లెక్కలతో కలిసిపోయాయి. సముద్రపు ఒడ్డున కార్పొరేట్ ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో ఉన్న తల్లినీ, ముంచంగిపుట్టు అవతల కొండ మీది తల్లినీ కలిపి తీసిన సగటు అది.

కొండ పరిశోధన చరిత్రలో మొదట నిలిచే పేర్లలో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకడు. ఈ సైనిక వైద్యుడు ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో కశ్మీరుకు ఉత్తరాన ఉన్న గిల్గిత్‌లో పనిచేశాడు. ఒకే కాలువ నీళ్లు తాగే ఊళ్లు ఒకదాని కింద ఒకటి ఉండేవి. అన్నిటికన్నా పైన ఉన్న ఊళ్లో వందకు సుమారు 12 మందికి గాయిటర్ ఉంటే, కిందికి దిగే కొద్దీ అది పెరుగుతూ అట్టడుగు ఊళ్లో 45 దాకా చేరిందని అతను గమనించాడు. ఆ కాలువ నీటిని వడగట్టగా మిగిలిన మడ్డిని తానే తాగి, మరికొందరి చేత తాగించి, గాయిటర్ వస్తుందేమో చూశాడు. నీటిలోని మలిన పదార్థమే కారణమని తేల్చాడు. అతని పరిశీలన చాలా నిశితం. నిర్ణయం సగమే సరి, అసలు మూలం అయోడిన్ లోపం. పుట్టుకతోనే బుద్ధి ఎదగక, చెవుడూ మూగతనంతో ఉన్న పిల్లలను ఆ లోయల్లో వెతికి పట్టుకుని, ఆ స్థితిలో రెండు తీరులున్నాయని 1908లో వర్ణించాడు. వైద్య పాఠ్యపుస్తకాల్లో ఆ విభజన నేటికీ ఉంది. ఆ పిల్లల ఊళ్లకు మాత్రం అతని జీవితకాలంలో అయోడిన్ రాలేదు.

తరవాత 1920ల్లో అదే మనిషి గిల్గిత్‌కు పై లోయ అయిన హుంజా జనం ఆరోగ్యాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు మీద ఎందరో పుస్తకాలు రాశారు, నూరేళ్లు దాటి బతికే కొండ మనుషులని కథలు అల్లారు, ఆప్రికాట్లు అమ్ముకున్నారు. పక్క లోయలో గొంతు వాపుతో, మూగతనంతో ఉన్న వాళ్లను ప్రపంచం మరిచిపోయింది. కొండ జనం స్వచ్ఛంగా, గట్టిగా, రోగం లేకుండా బతుకుతారన్న ఊహ ఇప్పటికీ వదల్లేదు. అరకు కాఫీ ప్రకటనల్లోనూ మన సినిమాల్లోనూ అదే ఊహ కనిపిస్తుంది. ఆరోగ్య శాఖలకు ఇది సౌకర్యంగా మారింది. వాళ్లు గట్టివాళ్లు కదా, తట్టుకుంటారులే అనే మాట వెనక ఎన్ని మరణాలు నమోదు కాకుండా పోయాయో.

మెక్‌కారిసన్ 1918లో కూనూరులో మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలి, తరవాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. రామలింగస్వామి కూనూరులోని ఆ సంస్థలో కొంతకాలం పనిచేశాడు. మెక్‌కారిసన్ అప్పటికే వెళ్లిపోయాడు. ఒకే సంస్థ నుంచి వచ్చిన ఈ ఇద్దరి పద్ధతుల్లో తేడా గమనించదగ్గది. మొదటివాడు కొండ మీద కారణం వెతికాడు. రెండోవాడు ఉపాయాన్ని వెతికాడు. ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారంటే అది ధనికుడి ఇంట్లోనూ పేదవాడి ఇంట్లోనూ రోజూ దాదాపు ఒకే మోతాదులో ఖర్చవుతుంది, లోయలో తయారుకాదు, బయటి నుంచే రావాలి. తయారయ్యే చోట కలిపేస్తే ప్రతి ఇంటికీ చేరుతుంది. ఏ తల్లికీ ఉపదేశం చెయ్యనక్కర్లేదు. జనం ప్రవర్తన మార్చాలని చూడకుండా సరఫరా దారిని మార్చడం అక్కడి తెలివి.

అయినా ఫలితం కొండ దిగి చట్టం కావడానికి చాలా కాలం పట్టింది. 1962లోనే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. కానీ ఇది హిమాలయాల జబ్బేనన్న నమ్మకంతో ఆ పట్టీకే పరిమితం చేశారు. దేశమంతటా అయోడిన్ ఉప్పే అమ్మాలన్న నిర్ణయం 1980ల్లో గానీ రాలేదు. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మడంపై 1998లో కేంద్రం నిషేధం పెట్టింది, 2000లో ఎత్తేసింది, 2006లో మళ్లీ పెట్టింది. కాంగ్రా ఫలితం తేలిన నాటి నుంచి లెక్కిస్తే 44 ఏళ్లు. ఆ 44 ఏళ్లలో అయోడిన్ లోపంతో పుట్టిన పిల్లలు తెలివి కోల్పోయారంటే శాస్త్రం తెలియక కాదు. తెలిసినది అమలు కాక.

మూడో మండలం సంగతి కూడా చెప్పాలి. ఏమీ కలపని ఉప్పు తిన్న ఆ ఊళ్లు ఆరేళ్లు ఎదురుచూశాయి. అయోడిన్ పనిచేస్తుందని విదేశాల్లో అప్పటికే తెలుసు. ఈ రోజు అలాంటి పరీక్షకు నీతి కమిటీ అంత సులువుగా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయితే చివరికి ఆ ఊళ్లకూ ఉప్పు చేర్చారు, చేర్చాక మళ్లీ వెళ్లి చూశారు. కొండ పరిశోధనల్లో చాలావాటికి ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

కాంగ్రా తరవాత నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన చోటు పడమటి నేపాల్‌లోని జుమ్లా. 1980ల్లో అక్కడికి రోడ్డు లేదు. డాక్టరు మృగేంద్ర రాజ్ పాండే ముందుగా పొగ మీద పనిచేశాడు. పొయ్యి దగ్గర ఎన్ని గంటలు కూర్చుంటే దీర్ఘకాలపు దగ్గు అంతగా పెరుగుతుందని నేపాల్ కొండ ఊళ్లలో చూపించాడు. తరవాత అతనూ అతని సహచరులూ పిల్లల న్యుమోనియా వైపు తిరిగారు. ఆసుపత్రి లేదు, ఎక్స్‌రే లేదు, డాక్టరు రాడు. అక్కడి వాళ్లకే తర్ఫీదు ఇచ్చి, జబ్బును గుర్తుపట్టడమూ కోట్రైమాక్సజోల్ ఇవ్వడమూ నేర్పారు. 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం మూడో ఏటికి ఐదేళ్ల లోపు పిల్లల మరణాలు 28 శాతం తగ్గాయి. ఒక్క జబ్బుకు ఒక్క మందు, అదీ డాక్టరు కాని మనిషి చేతి మీదుగా.

ఈ పద్ధతి ఎంత సాదాగా ఉంటుందో తెలియాలంటే ఆ కార్యకర్త చేసే పనిని దగ్గర నుంచి చూడాలి. బిడ్డ తల్లి ఒడిలో ఉంటుంది. ఏడుస్తుంటే ఆగాలి, పాలు తాగుతుంటే ఆగాలి, ఎందుకంటే రెండింటిలోనూ ఊపిరి మారుతుంది. బిడ్డ కుదురుగా ఉన్నాక చొక్కా పైకి జరిపి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వేగంగా ఉన్నట్టు. డొక్కలు లోపలికి పోతున్నాయా చూడాలి. చదువు అంతంతమాత్రంగా ఉన్న మనిషి కూడా నేర్చుకోగల విద్య ఇది. తెల్లకోటు వేసుకున్న వాళ్లు ఒకప్పుడు దీన్ని ఒప్పుకోలేదు. యాంటీబయాటిక్ పల్లెటూరి మనిషి చేతికి ఇస్తారా అన్నారు. పరీక్ష చేసి అంకెలు చూపించాకే ఆ వాదన బలహీనపడింది. పరిశోధన అవసరం సరిగ్గా ఇక్కడే కనిపిస్తుంది, అధికారం ఉన్నవాళ్ల అపనమ్మకాన్ని తొలగించడంలో.

నేపాల్ దీన్ని వదిలిపెట్టలేదు. 1988లో మొదలైన మహిళా ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తల వ్యవస్థ అప్పటికే ఉంది. 1990ల మధ్య నుంచి జిల్లా తరవాత జిల్లాగా న్యుమోనియా చికిత్స ఆ మహిళల చేతికి వచ్చింది. జుమ్లాలోనే జరిగిన మరో పరీక్షలో ఒక్క మోతాదు విటమిన్ ఏ కూడా పిల్లల మరణాలను పాతిక శాతం మేర తగ్గించింది. దాన్నీ ఆ మహిళలే దేశమంతా పంచారు. 1996 సర్వేలో వెయ్యికి 118గా ఉన్న నేపాల్ ఐదేళ్ల లోపు మరణాలు 2022 నాటికి 33కు వచ్చాయి. ఇదంతా ఒక్క పరిశోధన పుణ్యమని అనను. రోడ్లు, చదువు, వలస డబ్బు అన్నీ కలిశాయి. కానీ మనకన్నా పేద దేశం, మనకన్నా నిట్టనిలువు కొండలున్న దేశం, తన కొండ మీద తేలిన నిజాన్ని ఏళ్ల వ్యవధిలో తన ఊళ్లకు తీసుకెళ్లగలిగింది.

మందు కూడా లేకుండా మాటలతోనే మరణాలు తగ్గుతాయా అన్న ప్రశ్నకు నేపాల్‌లోనే జవాబు దొరికింది. మక్వాన్‌పూర్ కొండ జిల్లాలో 24 ప్రాంతాలను జతలుగా చేసి, సగం చోట్ల మహిళా బృందాలు ఏర్పాటు చేశారు. 2004లో ప్రచురించిన ఫలితంలో బృందాలున్న చోట నవజాత శిశు మరణాలు వెయ్యికి 26, లేని చోట 37. తల్లుల మరణాలు బృందాలున్న చోట 2, లేని చోట 11. అంకెలు చిన్నవి కాబట్టి తల్లుల మరణాల విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. శిశువుల విషయంలో మాత్రం ఫలితం గట్టిది. ఇక్కడ నాకు నచ్చిన మరో విషయం, ఆరోగ్య కేంద్రాలను రెండు వైపులా బాగుచేశారు. పోల్చడానికి ఉంచిన ఊళ్లను ఖాళీ చేతులతో వదల్లేదు.

ఆ పద్ధతినే ఝార్ఖండ్, ఒడిశా ఆదివాసీ జిల్లాల్లో ఏక్జుట్ సంస్థ చేపట్టింది. పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికెలా, కేంఝర్ జిల్లాల్లో 2005 నుంచి 2008 దాకా సాగిన పరీక్షలో నవజాత శిశు మరణాలు మూడేళ్లకు కలిపి 32 శాతం తగ్గాయి. ఆ సమావేశాల్లో ఏం జరుగుతుందంటే, ఊరి నుంచే ఎంపికైన ఒక మహిళ నెలకోసారి మిగతావాళ్లను కూర్చోబెట్టి ఒక కథ చెబుతుంది. బిడ్డ పుట్టింది, నాలుగో రోజు చనిపోయింది. ఎందుకు చనిపోయింది? జ్వరం వచ్చింది. జ్వరం ఎందుకు వచ్చింది? బొడ్డు చీము పట్టింది. ఎందుకు పట్టింది? పాత కొడవలితో కోశారు. కొత్త బ్లేడు ఎందుకు వాడలేదు? ఇంట్లో లేదు. ఎందుకు లేదు? మొగుడు సంతకు వెళ్లినప్పుడు తెమ్మని అడగడానికి భయం. అలా ఎందుకు, ఎందుకు అని అడుగుతూ పోతే సూక్ష్మజీవి దగ్గర మొదలైన మాట ఇంటి పెత్తనం దగ్గర తేలుతుంది. ఆ తరవాత నెలల్లో వాళ్లే ఉపాయాలు చెప్పుకుంటారు: బ్లేడు, సబ్బు, దారం కలిపి మూట కట్టి ముందే దాచుకోవడం, నిధి పోగుచేయడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం. మూడో ఏటికి తల్లుల్లో మానసిక కుంగుబాటు కూడా బాగా తగ్గిందని పరిశోధకులు గమనించారు. కష్టం చెప్పుకునే చోటు దొరికినందుకే కాబోలు.

ఇదే పద్ధతి బంగ్లాదేశ్ మైదానాల్లో మొదటిసారి పనిచేయలేదు. కారణం వెతికితే, ఝార్ఖండ్, ఒడిశాల్లో సుమారు 468 మందికి ఒక బృందం ఉంటే అక్కడ 1,414 మందికి ఒకటి. గర్భిణుల్లో చాలామంది అసలు సమావేశానికే రాలేదు. ఓడిపోయిన ఈ పరీక్ష గెలిచినవాటికన్నా ఎక్కువ నేర్పింది. కార్యక్రమం మంచిదా కాదా అన్న ప్రశ్నకు ముందు, అది ఎంతమందికి చేరిందన్న ప్రశ్న ఉంటుంది. కొండల్లో చెదురుమదురుగా, పాతిక ఇళ్లకో గూడెంగా ఉన్న జనానికి మైదానం లెక్క ప్రకారం వెయ్యి మందికో ఆశా కార్యకర్తను ఇస్తే, ఆమె నడవాల్సిన దూరమే ఆ పథకాన్ని చంపేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో మహిళా బృందాల పద్ధతిని సిఫారసు చేసింది. తరవాత ఝార్ఖండ్‌లో ఆశా కార్యకర్తల చేతే నడిపించి చూస్తే అప్పుడూ మరణాలు తగ్గాయి. తెలుగు ఏజెన్సీ ప్రాంతాల్లో దీన్ని ఇదే చిక్కదనంతో, ప్రతి గూడేనికీ చేరేలా, ఏళ్ల తరబడి నడిపిన ప్రయత్నం నా ఎరుకలో లేదు. కావాల్సింది ప్రతి గూడెంలో మాట్లాడగల ఒక మహిళ, కొన్ని బొమ్మల కార్డులు.

మన వైపు చూస్తే కొలతలకు కొదవ లేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలోని పోషకాహార పరిశీలన విభాగం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏ) ప్రాంతాల్లో 1985-87లో, 1998-99లో, 2007-08లో సర్వేలు చేసింది. మంచి సర్వేలవి. ఎన్ని క్యాలరీలు తక్కువ, ఎంత ఇనుము తక్కువ, పిల్లల ఎత్తు ఎంత తగ్గింది అన్నీ ఉన్నాయి. ఆ విభాగం 2015లో మూతపడింది. మూడుసార్లు తూచి చూసిన ఆ ఊళ్లలో ఆ తూకం ఫలితాన్ని ఊరికి చెప్పిన సందర్భాలు ఎన్ని? మూడు సర్వేలూ అదే లోటును చూపించాక నాలుగో సర్వే కన్నా, రాగులూ సామలూ మళ్లీ అంగన్‌వాడీ వంటలోకి వస్తే పిల్లల ఎత్తు మారుతుందా అని ఒక్క మండలంలో పరీక్షించి ఉంటే మేలు జరిగేది.

సికిల్ సెల్ జబ్బు కథ ఇంకా బాధ కలిగిస్తుంది. నీలగిరి ఆదివాసీల్లో ఈ జన్యులోపం ఉందని లేమన్, కట్‌బుష్ అనే పరిశోధకులు 1952లోనే ప్రచురించారు. ఆ తరవాత దశాబ్దాల పాటు ఏ తెగలో ఎంత శాతం అని లెక్కలు తీస్తూ వచ్చారు. మన ఏజెన్సీ తెగల రక్తమూ ఎన్నోసార్లు సూది ఎక్కింది. జాతీయ స్థాయిలో నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న మొదలైంది. ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును తుడిచేయాలని లక్ష్యం. ఆనందమే. కానీ పరీక్ష చేసి కార్డు చేతిలో పెట్టడంతో పని అయిపోదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లవాడికి హైడ్రాక్సీయూరియా మందు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే (పీహెచ్‌సీ) నెలనెలా దొరకాలి. లేకపోతే ఆ కార్డు ఆడపిల్ల పెళ్లి చెడగొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నీలగిరుల్లోనే గూడలూరులో ఆదివాసీల ఆసుపత్రి ఒకటి మరో దారి చూపించింది. అక్కడ ఆదివాసీ అమ్మాయిలకే తర్ఫీదు ఇచ్చి నర్సులను చేశారు. రోగి మాట్లాడే భాషే ఆసుపత్రి మాట్లాడుతుంది.

మలేరియాలో పొరుగు రాష్ట్రం నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. ఒడిశాలో కొండ ఊళ్లలో జ్వరం లేకుండానే రక్తంలో మలేరియా క్రిములతో తిరిగే వాళ్లు చాలామంది ఉన్నారని పరిశోధనల్లో తేలింది. జ్వరం వచ్చిన వాళ్లనే పరీక్షిస్తే వాళ్లు లెక్కలోకి రారు, దోమ మాత్రం వాళ్ల నుంచి తీసుకుని పంచుతూనే ఉంటుంది. అందుకని దమన్ పేరుతో దుర్గమ గ్రామాల్లో శిబిరాలు పెట్టి, జ్వరం ఉన్నా లేకున్నా ఊరంతటినీ పరీక్షించి, క్రిమి ఉన్నవాళ్లందరికీ మందు ఇచ్చారు, దోమతెరలు పంచారు. 2016లో 4.4 లక్షలున్న కేసులు 2019 నాటికి 40 వేల లోపుకు పడ్డాయి. 2023లో మళ్లీ 40 వేలు దాటాయి. పట్టు సడలితే మలేరియా తిరిగొస్తుందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. దోమకు ఆంధ్రా ఒడిశా సరిహద్దు తెలియదు. సరిహద్దులో పారే మాచ్‌ఖండ్ నదికి ఇటు ఒక పద్ధతి, అటు ఒక పద్ధతి ఉంటే రెండూ ఓడతాయి.

నమ్మకం గురించి మాట్లాడితే భద్రాచలం పేరు తప్పదు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలంతో సహా మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల అమ్మాయిలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇస్తూ ఒక అధ్యయనం మొదలైంది. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. కొందరి మరణ వార్తల తరవాత 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. ఆ టీకా మంచిదే, మన ఆడపిల్లలందరికీ అందాల్సిందే. తప్పు జరిగింది వేరే చోట. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. తల్లిదండ్రులను అడగలేదు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకా మీద అనుమానం ఏళ్ల తరబడి నిలిచిపోవడానికి ఇలాంటి సంతకాలే కారణం. గిరిజనులపై పరిశోధన వాళ్లకు చికిత్సగానో, రోగనిర్ధారణగానో, నివారణగానో ప్రయోజనం ఉంటేనే చేయాలని వైద్య పరిశోధన మండలి 2017 నీతి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వాక్యం తెలుగులోనూ కొండ జనం మాట్లాడే కువి భాషలోనూ ప్రతి పీహెచ్‌సీ గోడ మీద ఉండాలి.

ఇక డోలీ. బొంగుకు దుప్పటినో చీరనో రెండు కొసలా ముడివేసి, నొప్పులు పడుతున్న గర్భిణిని అందులో ముడుచుకుని పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా భుజాన ఎత్తుకుని రాళ్ల దారిలో దిగుతారు. మరో ఇద్దరు భుజం మార్చుకోవడానికి వెంట నడుస్తారు. వాగు దగ్గర బొంగు తలకెత్తుకుంటారు. ఈ ఫొటో ప్రతి వానాకాలం పత్రికల్లో వస్తుంది. వచ్చిన ప్రతిసారీ రోడ్డు మంజూరైందనే మాట వినిపిస్తుంది. డోలీ మీద ఇంత వార్త ఉంది, పరిశోధన ఎంత ఉంది? ఏ గూడెం నుంచి ఎన్ని గంటలు, ఏ నెలలో ఎన్నిసార్లు, ఎందరు దారిలో ప్రసవించారు, ఎందరు దారిలో పోయారు అన్న లెక్కను ఏళ్ల తరబడి ఒక చోట పోగుచేస్తే రోడ్డు ముందు ఎక్కడ వేయాలో అదే చెబుతుంది. నెలలు నిండిన గర్భిణులు ముందే వచ్చి ఉండేందుకు సాలూరులో 2018లో వసతి గృహం పెట్టారు. ఆ ఆలోచన బాగుంది. అక్కడికి ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఇంట్లో చిన్నపిల్లలను వదిలి రాలేక ఎందరు ఆగిపోతున్నారు అన్నది తెలుసుకోవడమే ఇప్పుడు కావాల్సిన పరిశోధన. ప్రయోగశాల అక్కర్లేదు, భాష తెలిసి నడవగలిగిన మనుషులు కావాలి.

ఆరోగ్య, గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖలు డాక్టరు అభయ్ బంగ్ అధ్యక్షతన వేసిన నిపుణుల సంఘం 2018లో నివేదిక ఇస్తూ, దేశంలో పది కోట్లకు పైగా ఉన్న గిరిజనుల ఆరోగ్యంపై విడిగా నమ్మదగిన లెక్కలు లేకపోవడాన్నే పెద్ద లోపంగా ఎత్తిచూపింది. కొలతలు ఎక్కువయ్యాయని నేను అంటున్న మాటకూ దీనికీ వైరుధ్యం లేదు. అక్కడొకటి ఇక్కడొకటి జరిగే సర్వేలకు కొదవ లేదు. ప్రతి జననం, ప్రతి మరణం, కారణంతో సహా, ఏటేటా నమోదయ్యే లెక్క మాత్రం లేదు. మక్వాన్‌పూర్, సింగ్‌భూమ్ పరీక్షలు నిలిచింది అలాంటి లెక్క మీదే. ఊరిలో ఒక మనిషి పుట్టుకనూ చావునూ చెబుతారు, ఇంకొకరు ఇంటికి వెళ్లి ఏం జరిగిందో అడిగి రాస్తారు. ఖర్చు తక్కువే, ఓపిక ఎక్కువ కావాలి.

పాడేరులో వైద్య కళాశాల వచ్చింది. 2024లో 50 సీట్లతో మొదటి బ్యాచ్ చేరింది. ఆ కళాశాల సామాజిక వైద్య విభాగానికి ఒక్క పని అప్పగిస్తే చాలు: అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక మండలాన్ని ఎంచుకుని, అక్కడి యువతకే తర్ఫీదు ఇచ్చి, ప్రతి జననమూ మరణమూ నమోదు చేయడం. ఆ లెక్కను ఏడాదికోసారి సంత రోజున ఆ ఊళ్ల భాషలోనే చదివి వినిపించడం. బయటి నుంచి వచ్చే ఏ అధ్యయనానికైనా గ్రామసభ అనుమతి తప్పనిసరి చేయడం. గ్రామసభకు పెత్తనం ఇస్తూ పెసా చట్టం 1996లోనే వచ్చింది, ఆరోగ్య పరిశోధనను దాని కిందికి తేవడానికి ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య, గిరిజన సంక్షేమ శాఖలు ఈ పని వచ్చే వానాకాలం లోపు మొదలుపెట్టాలి.